నిద్ర మాత్ర, ఆందోళన మాత్ర కలిపి వాడేవారికి: మూడో మాత్రతో జాగ్రత్త

పాలకొల్లు వైపు ఒక మందుల దుకాణంలో పనిచేస్తాను. కౌంటరు దగ్గర తరచూ వినే ప్రశ్న ఇది: "పగలు వేసుకోవడానికి ఒకటి, రాత్రికి ఒకటి రాశారండీ. రెండూ కలిపి వేసుకుంటే ఏమైనా అవుతుందా?"

ఒకే డాక్టరు మిమ్మల్ని చూసి, ఒకే చీటీ మీద రాసిన రెండు మాత్రల గురించి భయపడవలసింది తక్కువ. నన్ను భయపెట్టేది మూడో మాత్ర. మోకాళ్ల నొప్పికి ఊళ్లో ఆర్‌ఎంపీ ఇచ్చినది, తామరకు చర్మవ్యాధుల డాక్టరు రాసినది, దగ్గు వస్తే పక్కింటివారు ఇచ్చిన టానిక్కు, సాయంత్రం తాగిన కల్లు. నిద్ర మాత్ర రాసిన డాక్టరుకు వీటి సంగతి తెలియదు. వీటిని ఇచ్చినవారికి నిద్ర మాత్ర సంగతి తెలియదు. అన్నీ తెలిసిన మనిషి మీరు ఒక్కరే. అందుకే ఈ పద్ధతంతా మీ చేతిలోనే మొదలవుతుంది.

మోతాదు ఎంత, ఏ మందు ఎవరికి అన్నది డాక్టరు తేల్చాలి. అది ఇక్కడ వెతకవద్దు.

## 1. ఇంట్లో మందులన్నీ ఒక సంచిలో వేయండి

డాక్టరు దగ్గరకు వెళ్లే ముందురోజు ఒక సంచి పట్టుకుని ఇల్లంతా తిరగండి. బీరువా పైన, ఫ్రిజ్ తలుపులో, దిండు కింద, బండి డిక్కీలో ఎక్కడ ఏ మాత్ర ఉన్నా అందులో పడాలి. గుర్తున్నంత వరకు కాగితం మీద రాస్తే సరిపోదు. రోజూ వేసుకునే బీపీ మాత్ర గుర్తుంటుంది, ఎప్పుడో ఒకసారి వేసుకునేది గుర్తుండదు. గొడవ చేసేది చాలాసార్లు అదే.

సంచిలో ఇవి ఉన్నాయో లేదో చూసుకోండి:

- బీపీ, షుగరు, గుండె, థైరాయిడ్, మూర్ఛ మందులు
- నొప్పుల మాత్రలు, నరాల తిమ్మిరికి వాడేవి
- గ్యాస్, కడుపు నొప్పి, వాంతుల మాత్రలు
- జలుబు, దగ్గు, దురద మందులు
- తామర మాత్రలు, టీబీ మందులు, ఇటీవల వాడిన యాంటీబయాటిక్
- నిద్రకని కొన్న ఆయుర్వేద మందులు (అశ్వగంధ, జటామాంసి, తగర వంటివి)
- గల్ఫ్ నుంచి బంధువులు తెచ్చి ఇచ్చిన మాత్రలు

"అది గ్యాస్ మాత్రే కదండీ, అది కూడా చెప్పాలా?" అని అడుగుతారు. తప్పకుండా చెప్పాలి. కడుపులో మెలిపెట్టే నొప్పికి మన దగ్గర బాగా రాసే ఒక మిశ్రమంలో క్లోర్‌డయాజిపాక్సైడ్ ఉంటుంది. అది నిద్రకు, ఆందోళనకు రాసే అల్ప్రజోలం, క్లోనజెపామ్‌ల కుటుంబానికి చెందిన మందు. కడుపుకని వేసుకునేవారికి అందులో మత్తు మందు ఉందని తెలియనే తెలియదు.

## 2. బ్రాండు పేరు వదిలి సాల్టు పేరు చదవండి

స్ట్రిప్పు మీద పెద్ద అక్షరాల్లో ఉండేది కంపెనీ పెట్టిన పేరు. దాని కింద చిన్న అక్షరాల్లో ఉండేది అసలు మందు. ఒకే మందు రకరకాల బ్రాండు పేర్లతో దొరుకుతుంది కాబట్టి పేర్లు వేరైనంత మాత్రాన మందులు వేరు కావు.

ఉదాహరణకు ఒక స్ట్రిప్పు తిప్పి చూస్తే ఇలా ఉంటుంది: ఎస్సిటాలోప్రామ్ 10 మి.గ్రా., క్లోనజెపామ్ 0.5 మి.గ్రా. అంటే ఒక మాత్రలో రెండు మందులు. ఇంట్లో పాత చీటీ తాలూకు క్లోనజెపామ్ 0.5 స్ట్రిప్పు విడిగా ఉంది. "అది ఆందోళనకు, ఇది నిద్రకు" అనుకుని రెండూ వేసుకుంటే డాక్టరు అనుకున్న క్లోనజెపామ్‌కు రెట్టింపు ఒంట్లోకి వెళ్తుంది. రెండింటినీ రాసినవారి తప్పు అందులో ఉండకపోవచ్చు. చీటీ మారినప్పుడు పాత మాత్ర ఆపాలని ఎవరూ చెప్పలేదు, అంతే.

గుర్తుపెట్టుకోవడానికి ఒక సులువు ఉంది. "జోలం" అని గానీ "జెపామ్" అని గానీ ముగిసే పేర్లు సాధారణంగా ఒకే జాతివి: అల్ప్రజోలం, ఎటిజోలం, క్లోనజెపామ్, లోరజెపామ్, డయాజిపామ్, నైట్రజెపామ్. ఇలాంటివి రెండు కనిపిస్తే రెండోది వేసుకోకుండా, రాసిన డాక్టరుకు ఫోను చేయండి. జోల్పిడెమ్ పేరు వేరుగా ఉన్నా మెదడు మీద దాదాపు అదే చోట పనిచేస్తుంది. దాన్నీ ఈ లెక్కలోనే వేసుకోండి.

దుకాణంలో జరిగే ఒక పొరపాటు కూడా చెప్పాలి. నాలుగు మాత్రలు అడిగితే కత్తెరతో కత్తిరించి ఇస్తాం. పేరు, గడువు తేదీ ఉన్న అంచు దుకాణంలోనే ఉండిపోతుంది. మీ చేతికి వచ్చేది పేరు లేని వెండిరంగు ముక్క. మూడు రోజుల తరువాత అది దేనికో మీకూ తెలియదు, ఆసుపత్రిలో నర్సుకూ తెలియదు. ముక్క తీసుకునే ముందు పూర్తి స్ట్రిప్పును ఫోనుతో ఫొటో తీసుకోండి.

చీటీ లేకుండా ఈ మందులు ఇవ్వలేదని మామీద కోపం తెచ్చుకోవద్దు. అల్ప్రజోలం, డయాజిపామ్, జోల్పిడెమ్, ట్రమడాల్ వంటివి 2014 మార్చి నుంచి అమలులో ఉన్న హెచ్1 షెడ్యూలు అనే ప్రభుత్వ జాబితాలోకి వస్తాయి. డాక్టరు పేరు, రోగి పేరు, ఇచ్చిన మందు, పరిమాణం విడి రిజిస్టరులో రాసి మూడేళ్లు ఉంచాలి.

## 3. రెండు మాత్రలు ఎందుకు రాశారో తెలుసుకోండి

ఎస్సిటాలోప్రామ్, సెర్ట్రలిన్ వంటివి ఆందోళనను వేరు నుంచి తగ్గించే మందులు. వాటి ఫలితం కనిపించడానికి సుమారు 2 నుంచి 6 వారాలు పడుతుంది. మొదటి రోజుల్లో కొందరికి గుండెదడ, కంగారు పెరిగినట్టు కూడా ఉంటుంది. ఆ మధ్యకాలం గడవడానికి క్లోనజెపామ్ వంటిది కొద్ది రోజులకు రాస్తారు. మొదటిది నెలల తరబడి సాగవచ్చు, రెండోది ఆగిపోవాలి.

మన దగ్గర తారుమారవుతున్నది ఇక్కడే. వేసుకున్న రాత్రే ఫలితం కనిపించేది రెండో మాత్ర. అందుకే దాన్ని పాత చీటీతో ఏళ్ల తరబడి కొంటారు. "పనిచేయడం లేదు" అని మొదటి దాన్ని పది రోజులకే మానేస్తారు.

## 4. డాక్టరు గదిలో అడగవలసినవి

సంచి బల్ల మీద పెట్టి అడగండి. సిగ్గుపడవద్దు, తొందరపడవద్దు.

- ఇందులో ఏది రోజూ వేసుకోవాలి, ఏది అవసరమైతేనే?
- నిద్ర మాత్ర ఏ తేదీ వరకు? ఆపేటప్పుడు ఎలా తగ్గించాలి?
- ఈ సంచిలో దీనితో పడనిది ఏది?
- నా పని వేళలకు ఇది సరిపోతుందా?
- స్త్రీలకు జోల్పిడెమ్ మోతాదు తక్కువ ఉండాలా? (ఆడవారి ఒంట్లోంచి అది నెమ్మదిగా పోతుందని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2013లో సిఫారసును 10 మి.గ్రా. నుంచి 5 మి.గ్రా.కు తగ్గించింది.)

తాగే అలవాటు ఉంటే అది కూడా ఈ గదిలోనే చెప్పాలి. ఇంటివారి ముందు ఇబ్బందిగా ఉంటే వారిని కాసేపు బయట కూర్చోమనండి.

మానసిక వైద్యులు దగ్గరలో లేకపోతే కాకినాడ ప్రభుత్వ ఆసుపత్రిలో ఆ విభాగం ఉంది. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోను చేసి తెలుగులో మాట్లాడవచ్చు.

## 5. వీటితో కలపకూడదు

ఈ భాగం నెమ్మదిగా చదవండి.

మద్యం, కల్లు. నిద్ర మాత్ర, మద్యం రెండూ మెదడును మందగింపజేస్తాయి. కలిసినప్పుడు ఊపిరి తీసుకోవాలన్న ఆజ్ఞ కూడా మందగిస్తుంది. "సాయంత్రం ఆరింటికి తాగాను, మాత్ర పదింటికి కదా" అనేవారున్నారు. తాగినది అంత తొందరగా దిగదు. తాగిన రాత్రి మత్తు మాత్ర వద్దు. తాటికల్లు ఆరోగ్యానికి మంచిదని నమ్మేవారికి కూడా ఇదే మాట. తెలంగాణలో కల్లులో అల్ప్రజోలం కలిపిన కేసులు బయటపడ్డాయి. ఏం కలిసిందో తెలియని కల్లు మీద మాత్ర వేసుకోవడం మరీ ప్రమాదం. అయితే రోజూ ఎక్కువగా తాగేవారు ఒక్కసారిగా మానేస్తే వణుకు, ఫిట్స్ రావచ్చు. వారు డాక్టరు పర్యవేక్షణలోనే మానాలి.

ట్రమడాల్, కోడీన్. మోకాళ్లకు, నడుముకు ఇచ్చే కొన్ని మాత్రల్లో పారాసెటమాల్‌తో పాటు ట్రమడాల్ ఉంటుంది. కొన్ని దగ్గు టానిక్కుల్లో కోడీన్ ఉంటుంది. ఇవి నల్లమందు జాతి మందులు. వీటిని జోలం, జెపామ్‌లతో కలిపితే ఊపిరి ఆగే ప్రమాదం ఉందని అమెరికా సంస్థ 2016లో అత్యంత తీవ్రమైన హెచ్చరిక జారీ చేసింది. ట్రమడాల్‌తో ఇంకో చిక్కు ఉంది. ఎస్సిటాలోప్రామ్, సెర్ట్రలిన్‌లతో కలిస్తే వణుకు, చెమట, జ్వరం, కండరాలు బిగుసుకోవడం, అయోమయం రావచ్చు, ఫిట్స్ కూడా రావచ్చు. నిద్ర, ఆందోళన మందులు వాడేవారు నొప్పి మాత్ర కొనే ప్రతిసారీ "ఇందులో ట్రమడాల్ ఉందా?" అని అడగండి.

ప్రెగబాలిన్, గాబాపెంటిన్. షుగరు వల్ల అరికాళ్ల మంటలకు రాస్తారు. నిద్ర మాత్రతో మత్తు పెరుగుతుంది, పెద్దవారిలో ఊపిరి మందగించవచ్చు. ఇద్దరు డాక్టర్లకూ తెలిసి రాస్తే సరే.

తామర మాత్రలు. చెరువుల్లో, చేలల్లో గంటల తరబడి తడిలో పనిచేసే మన ప్రాంతంలో తామర ఎక్కువ, ఇట్రకోనజోల్ కోర్సులూ ఎక్కువే. ఇట్రకోనజోల్, కీటోకోనజోల్ కాలేయంలో అల్ప్రజోలాన్ని విరగ్గొట్టే పనిని అడ్డుకుంటాయి. మాత్ర అదే, మోతాదు అదే, కానీ ఒంట్లో నిలిచే మందు పెరుగుతుంది. ఈ తామర మాత్రలను అల్ప్రజోలంతో కలపడం నిషిద్ధం. తామరకు మాత్రలు రాసేటప్పుడే అల్ప్రజోలం సంగతి చెప్పండి. అది రోజూ వేసుకునేవారు తామర కోర్సు కోసమని సొంతంగా ఆపేయకూడదు. క్లారిత్రోమైసిన్, ఎరిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్స్ కూడా కొంత ఇదే పని చేస్తాయి. టీబీకి వాడే రిఫాంపిసిన్ దీనికి ఎదురు, మాత్ర పనిని తగ్గిస్తుంది.

జలుబు, దురద మందులు. క్లోర్‌ఫెనిరమైన్, ప్రొమెథజైన్, అవిల్ పేరుతో అందరికీ తెలిసిన ఫెనిరమైన్ మత్తునిస్తాయి. జ్వరానికి సూది వేయించుకునే ముందు "రాత్రి నిద్ర మాత్ర వేసుకుంటాను" అని ఆర్‌ఎంపీకి చెప్పండి.

డాంపెరిడోన్. ఉదయం పరగడుపున వేసుకునే గ్యాస్ క్యాప్సూల్‌లో పాంటాప్రజోల్‌తో పాటు ఇది ఉండవచ్చు. ఎస్సిటాలోప్రామ్‌తో కలిసినప్పుడు గుండె లయ మీద ప్రభావం పడవచ్చు. గుండె జబ్బు ఉన్నవారు, వయసు పైబడినవారు డాక్టరును అడిగి డాంపెరిడోన్ లేనిది తీసుకోవాలి.

ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్, ఆస్పిరిన్. ఎస్సిటాలోప్రామ్ జాతి మందులతో కలిస్తే కడుపులో రక్తస్రావం అయ్యే అవకాశం పెరుగుతుంది. మలం నల్లగా తారులా వస్తే ఆగకుండా ఆసుపత్రికి వెళ్లండి. గుండెకు రాసిన ఆస్పిరిన్‌ను మాత్రం సొంతంగా మానవద్దు.

ప్రొప్రనొలాల్. గుండెదడకు రాస్తారు. ఉబ్బసం ఉన్నవారికి పడదు. షుగరు పడిపోయినప్పుడు వచ్చే వణుకు, దడ అనే హెచ్చరికలను ఇది కప్పేస్తుంది, చెమట మాత్రం పడుతుంది. షుగరు మందు వాడేవారు ఆ ఒక్క గుర్తునూ పట్టించుకోవాలి.

## 6. రాత్రి వేళ క్రమం

జోల్పిడెమ్ వేసుకుంటే నేరుగా మంచం ఎక్కాలి. ముందు 7 నుంచి 8 గంటల నిద్రకు వీలుండాలి. కడుపు నిండా తిన్న వెంటనే వేసుకుంటే ఆలస్యంగా పనిచేస్తుంది. "ఇంకా పట్టలేదు" అని రెండోది వేసుకోవడం అక్కడే మొదలవుతుంది. రెండోది వద్దు. అర్ధరాత్రి రెండింటికి మెలకువ వచ్చినప్పుడు వేసుకోవడమూ వద్దు.

ఈ మందు మీద కొందరు నిద్రలోనే లేచి నడుస్తారు, తింటారు, బండి కూడా నడుపుతారు. మర్నాడు గుర్తుండదు. ఒక్కసారి అలా జరిగినా ఆ మందు మళ్లీ వేసుకోకుండా డాక్టరుకు చెప్పాలి.

రొయ్యల, చేపల చెరువులున్నవారికి ప్రత్యేకంగా ఒక మాట. తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ పడిపోతుంది, ఏరియేటర్లు చూడటానికి మూడింటికో నాలుగింటికో లేవక తప్పదు. కరెంటు పోతే ఇంకా ముందే పరుగు. పదకొండింటికి మాత్ర వేసుకుని మూడింటికి లేచిన మనిషి కాలువ గట్టు మీద బండి నడపగలడని అనుకోవద్దు. కళ్లు తెరుచుకుంటాయి, మెదడు తేరుకోదు. మన గట్లకు పిట్టగోడలు ఉండవు. మాత్ర వేసుకునే రాత్రులు కాపలా వేరొకరికి అప్పగించండి. అది కుదరకపోతే ఆ సంగతి డాక్టరుకు ముందే చెప్పండి, వైద్యమే వేరేలా చేస్తారు.

క్లోనజెపామ్ ఒంట్లో సగానికి తగ్గడానికి సుమారు 30 నుంచి 40 గంటలు పడుతుంది. రాత్రి వేసుకున్నది మర్నాటి సాయంత్రానికి కూడా సగానికి పైగా ఉంటుంది. కొత్తగా మొదలుపెట్టినప్పుడు, మోతాదు మారినప్పుడు కొన్ని రోజులు బండి, ట్రాక్టరు, వరికోత యంత్రం ముట్టుకోవద్దు.

## 7. మొదటి రెండు వారాలు ఒక నోటుపుస్తకం

ప్రతి ఉదయం రెండు లైన్లు చాలు: ఎన్నింటికి మాత్ర వేసుకున్నారు, ఎన్నింటికి లేచారు, పగలు తూలుడు, మతిమరుపు, నోరు ఎండటం వంటివి ఉన్నాయా. ఇంట్లో ఒకరిని గమనించమనండి. మత్తులో ఉన్న మనిషికి తన మత్తు తెలియదు.

25 ఏళ్లలోపు వారిలో ఎస్సిటాలోప్రామ్ జాతి మందులు మొదలుపెట్టిన కొత్తలో చనిపోవాలన్న ఆలోచనలు పెరగవచ్చు. ఇంటివారు దగ్గరుండాలి. మాత్రల డబ్బా వేరొకరి దగ్గర తాళంలో ఉండాలి. అలాంటి ఆలోచన ఏ వయసువారికి వచ్చినా దాచుకోకుండా ఇంట్లో చెప్పండి, 14416కు ఫోను చేయండి.

## 8. ఎవరికి మరింత జాగ్రత్త

65 దాటినవారికి ఈ మత్తు మాత్రలు వీలైనంత వరకు వద్దనే వైద్యులు అంటారు. రాత్రి మూత్రానికి లేచి పెరట్లో పడి తుంటి విరగడం అసలు భయం. వాడక తప్పకపోతే మంచం నుంచి బాత్రూము దాకా లైటు వెలుగుతూ ఉండాలి. ఎస్సిటాలోప్రామ్‌తో పాటు బీపీకి నీరు పోయే మాత్ర వాడే పెద్దవారిలో సోడియం పడిపోయి అయోమయం రావచ్చు. "వయసు మీద పడింది" అని వదిలేయకుండా రక్తపరీక్ష చేయించండి.

పెద్దగా గురక పెట్టి మధ్యలో ఊపిరి ఆగినట్టు అయ్యేవారు నిద్ర మాత్రకు ముందే ఆ సంగతి చెప్పాలి. గర్భం అనుమానం వస్తే వెంటనే డాక్టరును కలవండి, కానీ సొంతంగా ఆపేయవద్దు.

## 9. మాత్ర మరిచిపోతే, అయిపోతే, వరద వస్తే

మరిచిపోయినదానికి మర్నాడు రెండు వేసుకోకూడదు. ఎస్సిటాలోప్రామ్ అదే రోజు గుర్తొస్తే వేసుకోండి, మర్నాటి వేళ దగ్గరపడితే వదిలేయండి.

మాత్రలు అయిపోవడం ఇంకా పెద్ద సమస్య. వారాల తరబడి రోజూ వాడిన అల్ప్రజోలం, క్లోనజెపామ్ ఒక్కసారిగా ఆగితే నిద్ర పూర్తిగా పోతుంది, వణుకు వస్తుంది, ఫిట్స్ కూడా రావచ్చు. గోదావరి పొంగి కాజ్‌వే మునిగితే లంక గ్రామాల వారు దుకాణానికి రాలేరు. జూలై, ఆగస్టు నెలల్లో డాక్టరుతో మాట్లాడి చేతిలో రెండు వారాల మందు మిగిలేలా చూసుకోండి. ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు. ఆ వార్త వినగానే డబ్బా తెరిచి మాత్రలు లెక్కపెట్టండి. పడవ ఎక్కవలసి వస్తే మాత్రలు, చీటీ ప్లాస్టిక్ కవరులో చుట్టి వెంట తీసుకెళ్లండి.

## 10. గల్ఫ్‌కు వెళ్లేవారు, వచ్చినవారు

కోనసీమలో ఇది చాలా ఇళ్ల సంగతి. అల్ప్రజోలం, ట్రమడాల్ వంటివి గల్ఫ్ దేశాల్లో కఠినమైన నియంత్రణలో ఉన్నాయి. విమానాశ్రయంలో పట్టుబడితే జైలు దాకా వెళ్లవచ్చు. యూఏఈ వంటి దేశాల్లో ఇలాంటి మందులకు ముందే అనుమతి తీసుకోవాలి. వెళ్లే దేశపు నియమాలు కనుక్కుని, అసలు ప్రిస్క్రిప్షన్, డాక్టరు లేఖ, కంపెనీ ప్యాకింగుతో సహా తీసుకెళ్లండి. అక్కడున్న వారికి ఇవ్వమని ఎవరైనా మాత్రల పొట్లం ఇస్తే తీసుకోవద్దు, వారు ఎంత దగ్గరి చుట్టాలైనా సరే.

## 11. ఆపద గుర్తులు

- పిలిచినా, గిల్లినా లేవకపోవడం
- ఊపిరి నెమ్మదించడం, గొంతులో గరగర
- పెదవులు, గోళ్లు నీలంగా మారడం
- జ్వరం, వణుకు, బిగుసుకుపోవడం, అర్థం లేని మాటలు

108కి ఫోను చేయండి. మనిషిని పక్కకు తిప్పి పడుకోబెట్టండి, ఒంటరిగా వదలవద్దు. మజ్జిగ, చింతపండు రసం, ఉప్పునీళ్లు పోయవద్దు. మత్తులో ఉన్నవారికి అవి ఊపిరితిత్తుల్లోకి పోతాయి. కక్కించవద్దు. దొరికిన స్ట్రిప్పులన్నీ, ఖాళీవి కూడా, ఆసుపత్రికి తీసుకెళ్లండి. "తాగి పడుకున్నాడు, పొద్దున లేస్తాడులే" అనుకుని తెల్లవారేదాకా చూడవద్దు.

## 12. ఆపడం

రోజూ వాడుతున్న మత్తు మాత్ర ఎప్పుడు ఆపాలన్నా మెట్లు మెట్లుగా దిగాలి. అమెరికా వైద్య సంఘాల 2025 మార్గదర్శకాలు 2 నుంచి 4 వారాలకు ఒకసారి 5 నుంచి 10 శాతం తగ్గించడంతో మొదలుపెట్టమంటాయి. మీ మెట్టు ఎంతన్నది మీ డాక్టరు చెప్పాలి. నెమ్మదిగా కరిగే రకం మాత్రలను విరగ్గొట్టవద్దు, మందంతా ఒక్కసారే దిగుతుంది. ఎస్సిటాలోప్రామ్ కూడా ఒక్కసారిగా మానితే తల తిరగడం, తలలో కరెంటు కొట్టినట్టు ఉండటం వంటివి వస్తాయి.

తగ్గించినప్పుడు కొన్ని రాత్రులు నిద్ర చెడుతుంది. అది జబ్బు తిరగబెట్టడమే అనుకుని మళ్లీ పాత మోతాదుకు వెళ్లిపోతారు. ఆ రాత్రులకు ముందే సిద్ధంగా ఉండండి. రోజూ ఒకే వేళకు లేవడం, మధ్యాహ్నం కునుకు మానడం, నిద్ర పట్టకపోతే మంచం దిగి కూర్చోవడం అనే మూడూ ఆ వారాల్లో మాత్ర కన్నా ఎక్కువ పనిచేస్తాయి. పడిపోయే భయం ఉన్న పెద్దవారు మాత్రం రాత్రి ఒంటరిగా లేవవద్దు.

మిగిలిన మాత్రలు దాచవద్దు, నిద్ర పట్టని చుట్టాలకు ఇవ్వవద్దు. దుకాణం గానీ ఆసుపత్రి గానీ వెనక్కి తీసుకుంటుందేమో అడగండి. లేకపోతే స్ట్రిప్పు నుంచి తీసి, వాడిన టీ పొడిలో కలిపి, కవరులో ముడివేసి పిల్లలకు, పశువులకు అందకుండా చెత్తబండిలో వేయండి. కాలువలో మాత్రం పారవేయవద్దు. మన ఊళ్ల మంచినీళ్ల చెరువులు నిండేది ఆ నీళ్లతోనే.